గ్రీసు దేశం ఇచ్చిన పళ్ళు

ఆ రోజుల్లో ఏ కాగితం కనిపించినా ఎడమ పక్క రెండు చిల్లులు పెట్టందే నా చెయ్యి ఊరుకునేది కాదు. చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకిప్పుడు నవ్వే ఓపిక లేదు గనక ఆ పని మీకే వదిలేస్తున్నాను. ఎనభైల్లో, ఇరవై రెండేళ్ళ వయసులో, ఖరగ్‌పూర్ రైల్వేలో కొత్తగా గుమాస్తాగా చేరాను. మా సెక్షన్ పెద్దాయన్ని అందరూ బడోబాబు అనేవాళ్ళు. చేరిన రోజే ఆయన నా చేతిలో పంచింగ్ మిషన్ పెట్టి, "చిల్లు, ట్యాగు, నంబరు. ఈ మూడూ లేని కాగితం కాగితమే కాదు, సమ్‌ఝే?" అన్నాడు. ఆ ఉపదేశం ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంట్లో అమ్మ దాచుకున్న శుభలేఖలకీ, చెల్లి మార్కుల కాగితానికీ కూడా చిల్లులు పెట్టి ఫైలు కట్టేశాను. (చెల్లి మార్కులకి చిల్లు పడినందువల్ల కొత్తగా పోయిందేమీ లేదు.)

మా ఇంట్లో తాత ఉండేవాడు, మా నాన్నకి నాన్న. శ్రీకాకుళం నుంచి వచ్చి యుద్ధం రోజుల్లో పటాలంలో చేరి, యుద్ధం అయిపోయాక కూడా గ్రీసు దేశంలో కొన్నాళ్ళు ఉండి, తిరిగొచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. మా పేట సుభాష్‌పల్లిలో ఆయన గ్రీసు కబుర్లు వినని మనిషి లేడు, నమ్మిన మనిషీ లేడు. సాక్ష్యానికి ఆయన దగ్గరున్నవి పంతొమ్మిది గ్రీకు నోట్లు. ఒక పాత లెడ్జరు పుస్తకం మధ్యలో, పేజీకొకటి చొప్పున, పరుపు కింద పెట్టుకుని నలభై ఏళ్ళు దానిమీదే పడుకున్నాడు. అందులో, ఒకటి అంకె పక్కన పదకొండు సున్నాలున్న నోటు ఒకటి. "ఇంత డబ్బెట్టి ఆళ్ళు రొట్టి ముక్క కొనుక్కునీవోరురా" అనేవాడు. ఇంకోటి తల్లీ ఇద్దరు పిల్లలూ బొమ్మ ఉన్న అయిదు వేల నోటు. అదంటే ఆయనకి ప్రాణం.

అప్పటికి తాత నోట్లో ఒక్క పన్ను మిగల్లేదు. ఒక పెళ్ళి విందులో వడ్డించే కుర్రాడు ఆయన విస్తట్లో మాంసం ముక్కలు తీసేసి పులుసు మాత్రం పోశాడు. పక్కన కూచున్న రిటైర్డు డ్రైవరు పకపకా నవ్వాడు. తాత లేచి వచ్చేసి, ఇంట్లో గొడవ పెట్టాడు. "నాకు పళ్ళ సెట్టు కట్టించండి" అని. నాన్న పేపరు దించకుండానే, "ఈ వయసులో పళ్ళేటి నాన్నా, అన్నం మెత్తగానే ఒండుతన్నాం కదా" అన్నాడు. తాత ఇంక ఆయన్ని అడగలేదు. మర్నాడు పొద్దున నన్ను పిలిచి లెడ్జరు నా ఒళ్ళో పెట్టాడు. "నువ్వు ఆపీసులో ఉజ్జోగం సేస్తన్నావు, నీకు తెలుస్తాది. ఈటికి రేటు ఎంతుందో కనుక్కో. పళ్ళకొచ్చిందంటే సాలు, నాకు ఇంకేటీ ఒద్దు" అన్నాడు.

ప్రేమ్ బజార్‌లో నేను రీఫిల్లులు కొనే స్టేషనరీ కొట్టాయన్ని అడిగాను. ఇంజనీరింగ్ కాలేజీలో ఒక ప్రొఫెసరుగారికి దేశదేశాల నోట్లు పోగుచేసే పిచ్చి ఉందనీ, నచ్చితే మంచి ధర ఇస్తాడనీ చెప్పి, "కానీ నీట్‌గా తీసుకెళ్ళు భాయ్, ఆయనకి శుభ్రం ముఖ్యం" అన్నాడు. నీటు సంగతి నాకు చెప్పాలా! శనివారం మధ్యాహ్నం ఆఫీసు ఖాళీ అయ్యాక కూర్చున్నాను. నోట్లన్నీ తేదీల వారీగా పేర్చాను. రెండేసి చిల్లులు కొట్టాను. (మిషన్ నొక్కిన ప్రతిసారీ ఎంత తృప్తిగా ఉందో, దేవుడు నన్ను క్షమించాలి.) ఆకుపచ్చ ట్యాగు దూర్చి, ప్రతి నోటుకీ కుడి పైమూల ఎర్ర సిరాతో ఒకటి నుంచి పంతొమ్మిది దాకా నంబర్లు వేసి, పైన ఒక విషయసూచిక పెట్టి, అట్టకి కట్టాను. ఇంటికి తెస్తే తాత మురిసిపోయాడు. "అబ్బో, ఇప్పుడు దర్జాగా ఉందిరా!" అన్నాడు.

ఆదివారం సైకిలేసుకుని వెళ్ళాను. ప్రొఫెసరు కళ్ళజోడు సవరించుకుని ఫైలు తెరిచాడు. మొదటి చిల్లు మీద వేలు పెట్టాడు. "ఎ కీ కొరేఛో!" అన్నాడు. ఏం చేశావయ్యా ఇది అని. నేను ఇంకా మెప్పు కోసమే చూస్తున్నాను. ఆయన అలసిపోయిన మాస్టారి గొంతుతో, హిందీలో, విడమరిచి చెప్పాడు. నోటు ధర సున్నాల్ని బట్టి ఉండదట. ఆ సున్నాల్ని తర్వాత వాళ్ళ ప్రభుత్వమే కొట్టేసిందట. పదకొండు సున్నాల నోటు చాలామంది దగ్గర ఉందట. మడత ఉందా, మూలలు నలిగాయా, గీతలున్నాయా, అవే చూస్తారట. అయిదు వేల నోటుని కిటికీ దగ్గర వెలుతురుకి ఏటవాలుగా పట్టి, "ఒక్క మడత లేదు. యుద్ధం తర్వాతి నోట్లు ఇంత శుభ్రంగా దొరకవు. మీ తాత నలభై ఏళ్ళు కాపాడాడు బాబూ" అన్నాడు. నా చిల్లులోంచి కిటికీ వెలుతురు వచ్చి ఆయన చొక్కా మీద పడింది.

"చిల్లులు లేకపోతే పళ్ళ సెట్టు వచ్చేదా సార్?" అని అడిగాను. ఆయనకి తాత సంగతంతా చెప్పాను. వేళ్ళ మీద లెక్కేసి, "పై పళ్ళూ వచ్చేవి, కింద పళ్ళూ వచ్చేవి" అన్నాడు. ఇప్పుడో అంటే, టీ తాగమన్నాడు.

ఫైలు ఆయన బల్ల మీదే వదిలేసి తిరిగి వస్తుంటే తాత గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. బోడి నోటితో, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని. "ఏటన్నాడ్రా?" నిజం చెప్పాలనే అనుకున్నాను. కానీ నోటికి ఇంకోటి వచ్చింది. "తీసేసుకున్నాడు తాతా. డబ్బు మాత్రం నెలనెలా ఇస్తానన్నాడు" అన్నాను. ఆ క్షణంలో ఆయన మొహం చూస్తే మీరూ అదే చెప్పేవారు.

బజారులో పళ్ళ డాక్టరుతో వాయిదాలు మాట్లాడుకున్నాను. నా జీతంలోంచి ఎనిమిది నెలలు. కొత్త సైకిలు ఆశ అక్కడితో సరి. పళ్ళు వచ్చిన రోజు తాత మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, వేరుశనగలు కలుపుకుని, రిటైర్డు డ్రైవరు ఇంటి అరుగు మీదే కూచుని, కరకరా నమిలాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాతే నా ప్రాణానికి వచ్చింది. రోజూ సాయంత్రం నేను ఆఫీసు నుంచి ఈడ్చుకుంటూ వచ్చే వేళకి తాత నలుగుర్ని కూచోబెట్టుకుని మొదలెట్టేవాడు. "గ్రీసు గవుర్మెంటోడు ఇచ్చినాడు నాకీ పళ్ళు! కడుపున పుట్టినోడు ఇవ్వనేదు. ఇదిగో ఈడున్నాడు, ఉజ్జోగస్తుడు. మొదటి జీతానికి నాకో బనీనైనా కొన్నాడేటి?" అందరూ నావైపు చూసేవాళ్ళు. నేను తల దించుకుని లోపలికి పోయేవాణ్ణి. లోపల నాన్న, "నీ జీతం ఏటైపోతందిరా?" అని నా చొక్కా వాసన చూసేవాడు, సిగరెట్లేమోనని. ఇది చాలక అమ్మ నెలనెలా ప్రొఫెసరుగారికని చెగోడీలు కట్టిచ్చేది. మోసుకెళ్ళి ఇస్తే ఆయన, "నేను కొనని నోట్లకి నాకు చెగోడీలా?" అంటూనే డబ్బా ఖాళీ చేసేవాడు. నాకు ఒంటిమీద ఓపిక లేకుండా పోయింది. మంచి పని చెయ్యడం ఇంత నీరసం తెచ్చే వ్యవహారమని నాకెవరూ ముందు చెప్పలేదు.

వాయిదాలు తీరినా తిట్లు తీరలేదు. ఏడేళ్ళు పడ్డాను. ఒకసారి పండగపూట, బంధువులందరి ముందూ, "ఈడికి సేతులు రావురా, పిసినిగొట్టు" అన్నాడు. ఆ రోజు నిజంగానే కోపం వచ్చింది. వేళ చూసి చెప్పేస్తాను, అన్నీ చెప్పేస్తాను, ఆ డాక్టరు రసీదులు కూడా చూపిస్తాను అని ఒట్టు పెట్టుకున్నాను. (రసీదులు భద్రంగానే ఉన్నాయి. చిల్లు, ట్యాగు, నంబరు.)

ఆ వేళ తొంభైల్లో వచ్చింది. తాత ఆసుపత్రిలో ఉన్నాడు. పళ్ళు మంచం పక్కన స్టీలు గ్లాసులో ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు భోజనానికి వెళ్తే నేనొక్కణ్ణే కూర్చున్నాను. ఇంకెప్పుడు చెప్తావురా అనుకుని, గొంతు సవరించుకుని, "తాతా, నీకో మాట సెప్పాలి" అన్నాను. ఆయన చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. ముందు తనే చెప్పాలన్నట్టు.

"నీ వల్ల నాకు ఒక్క పైసా ఉపకారం నేదురా" అన్నాడు, ఆ బోడి నోటితో, మెల్లగా. "ఐనా ఇంతమందిలో నువ్వంటేనే నాకు ఇష్టం. ఎందుకో నాకే తెల్దు."

తర్వాత, "ఏటో సెప్తానన్నావు?" అన్నాడు.

"ఏటీ నేదు తాతా" అన్నాను.

ఇప్పుడు నేనూ రిటైరయ్యాను. మోకాళ్ళు పనిచెయ్యవు, ఎవరేమన్నా తిరిగి అనే ఓపికా లేదు. ఆ ఇరవై రెండేళ్ళ గుమాస్తాని తలుచుకుంటే ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది. పంతొమ్మిది నోట్లు నాశనం చేసిన వెధవ. కానీ ఆసుపత్రిలో నోరు మూసుకున్నవాడు కూడా వాడే. చెప్పి ఉంటే తాత నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చేవాడు, నాకది తెలుసు. కానీ అప్పుడు, ఎందుకో తనకే తెలియని ఆ ఇష్టానికి పళ్ళు ఒక కారణమైపోయేవి.