గాజుగుడ్డ తానులో తగ్గిన మూరలు

ఇవాళ మనవరాలి మోకాలికి కట్టు కట్టడానికి గాజుగుడ్డ పొట్లం చించగానే గంజి వాసన గుప్పుమంది. నా చేయి దానంతటదే గుడ్డను మూర వేసి కొలిచింది. ఆ అలవాటు చేసింది గ్రేసమ్మ సిస్టర్.

డెబ్బైల చివర్లో నేను వరంగల్‌లో ఒక చిన్న సర్కారు దవాఖానలో ఆయాను. పర్మినెంటు కాని కొలువు, ఇద్దరు పిల్లల అన్నం దానిమీదే. గ్రేసమ్మ అక్కడ హెడ్ నర్సు. ఎవరినీ నమ్మేది కాదు. స్పిరిట్ సీసాకు కూడా ఎంతవరకు ఉందో తెలిసేలా దారం కట్టి పెట్టేది. గాజుగుడ్డ తానును అర మూర ముక్కలుగా కోసి మడవడం నా పని. ఎనభై ముక్కలు రావాలి, డెబ్బైయే వచ్చేవి.

"లచ్చమ్మా, పది ముక్కలు యాడ పోయినయే?"

"ఏసు ప్రభువు మీద ఒట్టు, సిస్టరమ్మా, నేను తియ్యలే."

"మా ప్రభువు మీద నువ్వెందుకు ఒట్టేస్తవు? నీ దేవుని మీద ఎయ్యి!" అని నా కొంగు దులిపించి, సద్దిగిన్నె మూత తీయించి చూసింది. "సోమారం దాక జూస్త. లెక్క తేలకుంటే ఇంకో ఆయాను జూస్కుంట."

ఆ నాలుగు రోజులు నేనూ స్టోరు గుమాస్తాను, ఊడ్చే మనిషిని, చివరికి వాచ్‌మన్ తలపాగాను కూడా అనుమానంగా చూశాను.

ఆదివారం ఆమె ప్రార్థనకు డోర్నకల్ వెళ్లింది. అక్కడి రైల్వే దవాఖానలో ఆమె తమ్ముడు కాంపౌండరు. సోమవారం చంకలో ఒక తాను పెట్టుకుని వచ్చింది. అదే కొట్టు ముద్ర, అదే నీలం కాగితం, అదే పద్దెనిమిది మీటర్ల అచ్చు. స్టోరులోంచి మా తాను ఒకటి, సీలు ఉన్నదే, తెప్పించి నా ముందే విప్పింది. రెండూ పూలమ్మే దానిలా మూర వేసి కొలిచింది. రైల్వేది నలభై మూరలు. మాది ముప్పై అయిదు.

రెండు తానులూ మళ్లీ చుట్టి చంకన పెట్టుకుంది. తర్వాత నన్ను వెంటబెట్టుకుని పెద్ద డాక్టరు సారు గదికి వెళ్లింది. "సార్, రైల్వేవాళ్లు లైనుల ఉన్న దవాఖానలన్నిటికి ఒక్కపారే కొంటరట. కొలిచినంకనే తీస్కుంటరట. ధర సుత మనకన్న తక్కువేనట."

"వాళ్లది వేరే సిస్టర్, మనది వేరే. మున్సిపాలిటోళ్లు సుత వేరేనే కొంటరు."

"కొట్టు ఒక్కటే గద సార్! మనం తలా ఒక దిక్కు పోతానం గనుకనే వాడు తలా ఒక తీరు ఇస్తాండు."

సారు ఫైలు మూసి, "పైనుంచి ఆర్డరు లేదు" అన్నాడు.

అట్లాగే ఎవరికి వారు కొంటూనే పోయారు. నన్ను అనుమానించినందుకు గ్రేసమ్మ తప్పయిందని అనలేదు. బయటికి రాగానే మాత్రం, "ఇగ తాను వస్తే నువ్వే కొల్వాలె. తక్కువొస్తే నేను సంతకం పెట్ట. నీ మూరనే మన దవాఖాన మూర" అంది. నా కొలువు నిలిచింది.

ఇప్పుడు ఇంట్లో ఏదైనా తగ్గితే కోడలు పనిమనిషి వైపు చూస్తుంది. నేను ముందు పొట్లం విప్పి కొలుస్తాను. ఇవాళ గుడ్డ సరిగ్గానే ఉంది. అయినా ఇంకోసారి కొలిచాను.