వద్దు అనడం నేర్చుకున్న వారం

తార్నాకలో మా చర్చి పైఅంతస్తులో ఒక చిన్న గది ఉంది. ఆదివారం పొద్దున అందులో పిల్లలు పాటలు నేర్చుకుంటారు. శనివారం మధ్యాహ్నం మాత్రం ఆ గది మాది. మేమంటే, చిన్నప్పుడో పెద్దయ్యాకో ఎవరో ఒకరు మా ఒంటి మీద తమకు లేని హక్కు చలాయించగా, ఆ సంగతి నోరు విప్పి చెప్పలేక బతుకుతున్న ఆడవాళ్లం.

నేను ఆ గదికి కావాలని వెళ్లలేదు. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బాటనీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. మాది జనగామ వైపు పల్లె. ఆదివారం ఆరాధన మానితే అమ్మ ఫోన్లోనే పసిగట్టేస్తుంది కాబట్టి ఈ చర్చికి వెళ్లేదాన్ని. ఒకసారి ఆరాధన అయ్యాక పాస్టర్ గారు ఆశీర్వదిస్తూ నా తల మీద చెయ్యి ఉంచారు. ఆయన మంచి మనిషి, నాకా సంగతి తెలుసు. నా ఒంటికి మాత్రం తెలియలేదు. కాళ్లు చల్లబడ్డాయి, చెవుల్లో హోరు మొదలైంది. ఎట్లా నడిచానో గుర్తులేదు, బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను.

కాసేపటికి బయట నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"బిడ్డా, నేను గీడనే ఉన్న. నువ్వు ఎప్పుడు రావాల్ననుకుంటే అప్పుడు రా. తొందరేం లేదు."

ఆమె తలుపు కొట్టలేదు. ఏమైందని అడగలేదు. నేను బయటికి వచ్చేసరికి గోడ పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్లో నీళ్ల సీసా పెట్టుకుని, కిటికీలోంచి బస్సులు చూస్తూ కూర్చుని ఉంది. చాలా ఏళ్లు నర్సుగా చేసి రిటైరయిన మనిషి. చర్చిలో అందరూ ఆమెను సిస్టరమ్మ అంటారు. నాకు సీసా అందించింది. భుజం మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు. అప్పటికి నాకు అంతకంటే పెద్ద ఓదార్పు లేదు.

పైగదిలో శనివారాల కూడిక నడిపేది ఆమే. నన్నూ రమ్మంది. మొదటిసారి వెళ్లినప్పుడు మోకాళ్ల మీద ఏడుపులు, కన్నీటి ప్రార్థనలు ఉంటాయనుకున్నాను. వెళ్లి చూస్తే ఆ గదిలో ఉన్నవన్నీ సండే స్కూలు పిల్లల బుల్లి ప్లాస్టిక్ కుర్చీలు. వాటి మీద మోకాళ్లు గడ్డాలకు ఆనేలా కూర్చున్న పెద్దపెద్ద ఆడవాళ్లు. వారాసిగూడలో బ్లౌజులు కుట్టే పెద్దమ్మ ఒకామె మంచి భారీ మనిషి. ముగింపు ప్రార్థనకు అందరం లేచి నిలబడితే ఆమెతో పాటు ఎర్ర కుర్చీ కూడా లేచింది. సిస్టరమ్మ కళ్లు మూసుకుని "తండ్రీ" అంది. పెద్దమ్మ మెల్లగా, "తండ్రిని జర ఆగుమను సిస్టరమ్మా, కుర్చీ ఇడుస్తలేదు," అంది. నేనూ సిస్టరమ్మా పట్టి లాగాం. ఆ రోజు ఆమెన్ ఎవరూ సరిగ్గా పలకలేకపోయారు.

అక్కడ ఏడుపు లేదని కాదు. నా సంగతి చెప్పిన రోజు నేను ఏడ్చాను. చిన్నప్పుడు నా మీద చెయ్యి వేసింది ప్రతి వేసవిలో మా ఇంటికి వచ్చే దగ్గరి బంధువు ఒకాయన, మా ఊరి కూడికల్లో ముందు వరసలో కూర్చుని గట్టిగా పాడే మనిషి. అమ్మకు అప్పుడే చెప్పాను. అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "ఎవ్వరికి చెప్పకు. ప్రభువుకు అప్పజెప్పు, క్షమించు," అంది. నేను చెప్పడం మానేశాను. ఆయన రావడం మానలేదు.

"క్షమించలేకపోతున్న సిస్టరమ్మా, పాపమా?" అని అడిగాను.

"ఎవ్వరు నిన్ను తొందర జేస్తలేరు గదా. కోపమొస్తే కోపంతోనే ప్రార్థన చెయ్యి. ఆయన విననీ, ఆయనకేమైతది?" అంది. తర్వాత తనకు తెలిసిన కౌన్సెలింగ్ డాక్టరమ్మ దగ్గరికి కూడా తనే తీసుకెళ్లింది. "ప్రార్థన ఉన్నది, డాక్టరమ్మ ఉన్నది. రెండూ దేవుడిచ్చినయే." పోలీసుల దగ్గరికి వెళ్లాలనిపిస్తే ఎప్పుడైనా తోడు వస్తానంది. ఎప్పుడు, ఏమిటి అన్నది నా నిర్ణయమేనని కూడా చెప్పింది.

ఒక శనివారం ఆమె బైబిలు వాక్యంలోంచి గుడ్డివాళ్ల కథ చెప్పింది. దారి పక్కన కూర్చుని కేకలు వేసిన గుడ్డివాళ్లకు ఏం కావాలో ప్రభువుకు తెలియదా? "ఎరికే గదా! అయినా ఆగి, మీకేం గావాలె అని అడిగిండు. అడిగినంకనే ముట్టిండు. దేవుడే అడిగి ముడితే, అడగకుండ ముట్టనీకి మనిషెవ్వడు?"

అప్పుడామె చేతులు దులుపుకుని, "ఈ వారం అందరు ఎవరికన్న ఒక్కసారి వద్దు అనాలె. చిన్నదానికే. వచ్చి చెప్పాలె," అంది.

ముందు అక్కడే సాధన చేయించింది. పెద్దమ్మ నా ఎదురుగా కూర్చుని గాలిలోనే అన్నం కలిపి ముద్ద పట్టుకుంది. "ఒక్క ముద్ద తిను బిడ్డా, నా కోసం." నేను వద్దు అనాలి. నోరు తెరిచాను. మాట రాలేదు, ముద్ద వస్తుందేమోనని నోరు అట్లాగే తెరిచి ఉంచాను. "అగో, తింటున్నది!" అని పెద్దమ్మ ఒకటే నవ్వు.

ఆ సాయంత్రమే తార్నాకలో బజ్జీల బండి దగ్గర ప్రయత్నించాను. బండి తాత కాగితంలో ఇంకో మిరపకాయ బజ్జీ వేసి, "సన్నగున్నవ్, తిను బిడ్డా," అన్నాడు. తినేశాను. నిజం చెప్పాలంటే చాలా బాగుంది.

హాస్టల్ మెస్సులో మాత్రం ఆ మాట బయటపడింది. వడ్డించే ఆంటీ ప్రతిరోజూ అడగకుండానే నా అన్నం మీద సాంబారు గుమ్మరిస్తుంది. ఆ రోజు గరిటె వస్తుంటే నా కడుపులోంచి, ఏళ్ల తరబడి ఎక్కడ దాక్కుందో తెలియదు, "వద్దూ!" అని ఒక అరుపు వచ్చింది. వరస మొత్తం ఆగిపోయింది. ఆంటీ గరిటె గాలిలోనే ఆపి, "ఏందే పిల్లా, సాంబారే గదా, బాంబు గాదు!" అంది. అమ్మాయిలంతా నవ్వారు. నేను వాళ్లకంటే గట్టిగా నవ్వాను, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. వట్టి అన్నం, ఇంత పచ్చడితో తిన్నాను. నా కంచంలో నేను వద్దన్నది లేదు.

తర్వాతి శనివారం పెద్దమ్మ తన కథ చెప్పింది. తెల్లారితే పెళ్లనగా కుట్టమని బ్లౌజు గుడ్డ తెచ్చిన ఒకామెతో కాదందట. అని, భయపడి వంటింట్లోకి పోయి తలుపేసుకుందట. "ఆమెనేమో గుమ్మం కాడ నిలవడి, అక్కా, బాధపడకే, ఇంకో కాడ ఇస్తలే అని నన్నే సముదాయిస్తున్నది!"

ఆ మర్నాడే ఆదివారం. పరీక్షలు దగ్గర పడ్డాయి. పరీక్షల ముందు విద్యార్థులను ముందుకు పిలిచి, ఒక్కొక్కరి తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించడం మా చర్చిలో ఆనవాయితీ. వరసలో మోకరించాను. పాస్టర్ గారు ఒక్కొక్కరినీ దాటుతూ నా దగ్గరికి వచ్చారు. ఆయన చెయ్యి లేచింది.

"వద్దు అయ్యగారూ," అన్నాను. ఈసారి అరుపు కాదు, మామూలు మాటే. "చెయ్యి పెట్టకున్రి. ప్రార్థన చెయ్యున్రి."

ఆయన చెయ్యి నా తలకు జానెడు దూరంలో ఆగింది. పాపం, దాన్నేం చేయాలో ఆయనకు తోచలేదు. జేబులో పెట్టబోయారు, జుబ్బాకు ఆ పక్క జేబు లేదు. చివరికి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పాఠం అప్పజెప్పే బడిపిల్లాడిలా నిలబడి నా కోసం ప్రార్థించారు. చక్కగా ప్రార్థించారు. నా పక్కన ఉన్న బీఈడీ అమ్మాయి తల ఎత్తకుండానే, "నాక్కూడ అట్లనే అయ్యగారూ," అంది. ఆ పక్క కుర్రాడు కంగారుపడి, "నాకు పెట్టున్రి సార్, మ్యాథ్స్ ఉన్నది," అన్నాడు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన నా వెనకే వచ్చాడు. "దేవుని సేవకుని చెయ్యే వద్దంటే ఎట్లమ్మా?" అని గట్టిగా అడిగాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ పాస్టర్ గారే అందుకున్నారు. "ఆ బిడ్డ నా చెయ్యి వద్దన్నది, దేవుణ్ణి వద్దనలే. నేనే ముందు అడగాల్సి ఉండె." ఆయనకు సిస్టరమ్మ నా గురించి ఏమీ చెప్పలేదని నాకు తర్వాత తెలిసింది. నన్నేమీ అడగకుండానే, వచ్చే వారం నుంచి అందరినీ అడిగే చెయ్యి పెడతానన్నారు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. సిస్టరమ్మ ఒక పక్క, పెద్దమ్మ ఒక పక్క. లేని జేబు కోసం ఆయన వెతికిన తీరు పెద్దమ్మ చేసి చూపించింది. ఇక మా వల్ల కాలేదు. పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా నవ్వాం.

అక్కడి నుంచి హాస్టల్ దాకా నేను నడవలేదు, తేలాను. ఆటోవాలా "రావాల్నా మేడం?" అంటే వద్దు. లోన్ కాగితాలు పంచే మనిషి చెయ్యి చాపితే వద్దు. వేయించిన పల్లీలు అమ్మే ఆమె పిలిస్తే వద్దు. క్యాంపస్ గేటు దాటి చెట్ల కిందికి వచ్చాక పల్లీలు తినాలని నిజంగానే ఉందని తెలిసింది. వెనక్కి వెళ్లాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, "మంచిగనే ఉన్నవా బిడ్డా?" అంది. చాలా బాగున్నానని చెప్పాను.

అమ్మ ఫోన్ సోమవారం సాయంత్రం వచ్చింది. లైబ్రరీ బయట బెంచీ మీద ఉన్నాను. ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడుతున్నారట, రమ్మంది. ఎవరెవరు వస్తున్నారో చెబుతూ ఆ పేరు కూడా చెప్పింది.

"ఆయనొస్తే నేను రాను అమ్మా."

"పాత ముచ్చట్లు ఎందుకే ఇప్పుడు..."

"నాకు పాతయి కావమ్మా. నేను రాను."

అమ్మ ఫోన్ పెట్టేసింది. ఆ రోజూ మర్నాడూ నేను నవ్వలేదు. తిండి సహించలేదు. సిస్టరమ్మకు ఫోన్ చేస్తే, "వద్దు అనేదాంట్ల నువ్వు గెలిచినవ్. అమ్మ ఏం జేస్తదో అది అమ్మ పని," అంది. అది నాకు ఆ పూట పెద్దగా ఊరటనివ్వలేదు.

ఇంకో రెండు రోజులకు అమ్మే మళ్లీ చేసింది. గొంతు వింతగా ఉంది.

"రావద్దన్ననే."

"ఎవర్ని?"

"ఆయన్ని. ఫోన్ చేసి మా ఇంటికి ఇగ రాకున్రి అన్న. ఎందుకంటడు. ఎందుకో నీకు ఎరికే అన్న. పెట్టేసిన. మీ నాయినకు కూడ చెప్పిన. ఆయన పొలం కాడికి పోయి ఒక్కడే కూసున్నడు. నాకు గుండె దడదడ అంటున్నది బిడ్డా. నవ్వు కూడ వస్తున్నది. ఇదేం రోగమో!"

"మంచి రోగమే అమ్మా," అన్నాను. ఇద్దరం ఫోన్లో నవ్వుకున్నాం, నడుమ నడుమ ఏడ్చాం. నా నోటికి చెయ్యి అడ్డం పెట్టిన సంగతి తనే ఎత్తింది. అప్పుడు తనకు భయమేసిందని, ఆ భయం నా మీద పెట్టకుండా ఉండాల్సిందని చెప్పింది. నేను సరే అనలేదు, పర్వాలేదూ అనలేదు. విన్నాను. తను చెప్పడమే నాకు కావలసి ఉండింది.

ఆ ఆదివారం అమ్మ మొదటి బస్సెక్కి వచ్చింది, సంచిలో సకినాలతో. చర్చిలో నా పక్కనే కూర్చుంది. ప్రార్థన కావలసినవాళ్లు ముందుకు రమ్మంటే లేచి వెళ్లింది, నేనూ వెనకే వెళ్లాను. పాస్టర్ గారు చేతులు వెనక్కి కట్టుకుని, "చెయ్యి పెట్టనా అమ్మా?" అని అడిగారు.

అమ్మ బిత్తరపోయింది. ఇన్నేళ్ల ఆరాధనలో, బహుశా ఇన్నేళ్ల బతుకులో, ఆమెను ఎవరూ ఆ మాట అడిగి ఉండరు. నా వైపు తిరిగి గుసగుసగా, "ఏమనాలె?" అంది.

"నీ ఇష్టం అమ్మా."

ఆలోచించింది. చాలాసేపే ఆలోచించింది. పాస్టర్ గారు ఓపిగ్గా నిలబడ్డారు. వెనక వరసలో ఎవరో దగ్గారు. అమ్మ కొంగు సర్దుకుని తల ఎత్తింది.

"పెట్టున్రి," అంది. "అడిగిండ్రు గదా, పెట్టున్రి."