నేను పంచిన డేలియా గడ్డలు

1959 జూన్ 21, ఆదివారం, పొద్దున ఎనిమిది గంటల పది నిమిషాలకు, సుల్తానాబాదులో మా వాడ బతుకమ్మకు నేను ఎసరు పెట్టాను. బతుకమ్మ అక్టోబరులో కదా అంటారేమో. నిజమే. ఒక పండుగను సరిగ్గా చెడగొట్టాలంటే నాలుగు నెలల ముందు నుంచే పూనుకోవాలి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మావారు బడిపంతులు కాబట్టి వాడంతా నన్ను పంతులమ్మా అని పిలిచేది. నేను చదివింది ఐదో తరగతి. అయితేనేం, పుట్టింది జగిత్యాల దిక్కున పసుపు పండించే ఇంట్లో. భూమిలో ఊరేది ఏదైనా నా ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందేనని నా నమ్మకం.

అంతకుముందు ఏడాది మా మేనమామ హైదరాబాదు నుంచి మూడు డేలియా మొక్కలు తెచ్చి ఇచ్చాడు. చలికాలంలో పళ్లెమంత ఎర్రపూలు పూశాయి. మొదటి పువ్వును పక్కింటి లచ్చవ్వ బర్రె దుడ్డె తినేసింది. మిగిలినవాటిని చూడటానికి ఆడవాళ్లు కొత్త పెళ్లికూతురిని చూడవచ్చినట్టు వచ్చి, తలా ఒక గడ్డ అడిగి పోయారు. ఎండలు ముదరగానే గడ్డలు తవ్వి ఇసుకలో దాచాను. వానలు పడ్డాక, ఆ ఆదివారం, బయటికి తీశాను.

ఒక్కో మొదలుకు చేతివేళ్లలా గడ్డలు. అచ్చం పసుపు కొమ్ములే! మా పుట్టింట్లో కొమ్మును విరిచి పాతితే చాలు, మొలిచేది. నేనూ అలాగే టపటపా విరిచాను. పద్నాలుగు వచ్చాయి. పదకొండు ఇళ్లకు పదకొండు, నాకు మూడు. చేతిలో మూడు ఎండు మొద్దులు మిగిలాయి.

"గవ్వేం జేస్తవే?" అని మా అత్త అడిగింది.

"కట్టెలత్తా. పొయ్యిలకు గూడ పనికిరావు" అని వాటిని గోడ మీదుగా లచ్చవ్వ పెంటకుప్ప మీదికి విసిరాను.

కాసేపటికి లచ్చవ్వే వచ్చింది. "నాకొక్క గడ్డియ్యవా పంతులమ్మా?"

"ఎందుకు లచ్చక్కా, నీ దుడ్డెకు మేతకా?"

ఆమె వచ్చిన దారినే పోయింది.

నా తెలివి అక్కడితో ఆగినా బాగుండేది. బతుకమ్మ కోసం ప్రతి పెరట్లో వేలెడంత బంతి మొలకలు లేచి ఉన్నాయి. ఇల్లిల్లూ తిరిగి వాటిని పీకించాను.

"బంతి పీకితే పండుగకెట్లనే?" అంది మగ్గాల ఇంటి రాజవ్వ.

"ఫికర్ చెయ్యకు రాజక్కా. గీ పువ్వు ఒక్కటి నూరు బంతిపూల పెట్టు. పక్కన బంతి ఉంటే దీనికి బలం పట్టది."

ఈ చివరి మాట నాకెవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

జూలై గడిచింది. "మొలుస్తలేదే పంతులమ్మా" అన్నారు.

"పసుపుకే ఇరువై దినాలు పడ్తది. గిది పట్నం గడ్డ, జర నఖరాలు చేస్తది."

ఆగస్టూ గడిచింది. సెప్టెంబరులో రాజవ్వ తన గడ్డను తవ్వి, కడిగి, తెచ్చి నా చేతిలో పెట్టింది. కుళ్లలేదు, ఎండలేదు, మొలవలేదు. అత్తారింట్లో అలిగి కూర్చున్న కొత్తల్లుడిలా నిగనిగలాడుతోంది.

"నిజం జెప్పు. అమ్మే పసుపు లెక్క ఉడకబెట్టి ఇచ్చినవా, మాకు మొలువద్దని?"

పసుపు పండించే ఇంటి పిల్లకు ఇంతకన్నా పెద్ద తిట్టు లేదు. "గౌరమ్మ మీద ఒట్టు, పచ్చియే ఇచ్చిన!"

"అట్లయితే సద్దుల బతుకమ్మ నాటికి పువ్వు జూపియ్యి. లేకుంటే ఈయేడు నీ వాకిట్ల ఆడం."

వాడంతా ఏటా బతుకమ్మ ఆడేది మా వాకిట్లోనే. అత్తగారింట నాకున్న గొప్పల్లా అదొక్కటే. నా మూడు గడ్డలకూ నీళ్లు పోశాను, దండం పెట్టాను, చివరికి తిట్టి కూడా చూశాను. ఉలుకూ పలుకూ లేదు.

పండుగ ఆఖరి రోజు, సద్దుల నాడు పొద్దున గుమ్మడిపూలు కోయడానికి గోడ ఎక్కినదాన్ని, అవతలికి చూసి అక్కడే కూలబడ్డాను. లచ్చవ్వ కొట్టం వెనక, పెంటకుప్ప మీద, నిలువెత్తు డేలియా పొదలు మూడు. పువ్వులు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.

అప్పుడు అర్థమైంది. డేలియాకు మొలకెత్తే కన్ను గడ్డలో ఉండదు, గడ్డ మొదలును పట్టుకున్న చోట ఉంటుంది. కళ్లన్నీ పెంట మీదికి విసిరి, గుడ్డివన్నీ వాడకు పంచాను. విత్తొకటైతే మొక్కొకటి మొలవదంటారు గానీ, విత్తినచోట కాక విసిరినచోట మొలుస్తుందని పెద్దలెవరూ చెప్పలేదు.

"దిగు పంతులమ్మా, గోడ కూలుతది" అని కింద నుంచి లచ్చవ్వ గొంతు.

"లచ్చక్కా, గా పూలు..."

"నువ్వు నాకియ్యలే గని నా పెంటకిచ్చినవ్ గద. పెంటకు నీ లెక్క పగ లేదు. పన్నెండిళ్లకు పన్నెండు కోసుకపో. ఆట మాత్రం నా వాకిట్ల."

ఆ సాయంత్రం వాడంతా లచ్చవ్వ వాకిట్లో ఆడింది. "పువ్వంటే గిది! పంతులమ్మ ఇచ్చినయి గడ్డలా, గుండ్లా?" అని రాజవ్వ నవ్వుతుంటే, నేనూ చప్పట్లు కొడుతూ తిరిగాను. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి, కొసన డేలియా పెట్టిన నా బతుకమ్మ కాస్త పొట్టిగా కనిపించింది. పక్కనే లచ్చవ్వ దుడ్డె, కళ్లు మూసుకుని, తీరిగ్గా నములుతోంది.

అక్కడికక్కడే గౌరమ్మ ముందు పసుపు ముట్టి ప్రమాణం చేశాను. కన్ను చూడకుండా ఏ గడ్డనూ ఎవరి చేతిలోనూ పెట్టను. పక్కింటివాళ్లకు లేదన్నదాన్ని వాళ్ల పెంటకుప్పకు దానం చేయను.

మొత్తం పోయినవి: డేలియా గడ్డలు, పద్నాలుగు. బంతి మళ్లు, పదకొండు. మా వాకిట బతుకమ్మ, ఒకటి. పువ్వులు, రెండు. తిన్న దుడ్డె ఒక్కటే.