రెండు బారల దారం

గాలి లేని గదిలో గాలిపటం ఎగరేయాలంటే దారం రెండు బారలకు మించకూడదని నాకు యాభై దాటాక తెలిసింది. అంతకు ముందు నాకు వచ్చిందల్లా దారం వదలడమే. కర్నూలు పాతబస్తీ మిద్దెల మీద పెరిగినవాణ్ని. మా వీధిలో ఎవడి పటం ఎంత దూరం పోతే వాడంత మొనగాడు. పటం కాస్త వాలితే చాలు, పక్క మిద్దె మీది సాయిబుల పిల్లలు "ఢీల్ ఇడువురా, ఢీల్!" అని అరిచేవాళ్లు. చరకా గిర్రున తిరిగేది, దారం పరుగెత్తేది, పటం పైగాలిని అందుకుని లేచేది.

దారం చుట్టిన ఆ చరకా పట్టుకునే పని మా అక్కది. నాకంటే మూడేళ్లు పెద్ద. నిజం చెప్పాలంటే పటం నాకంటే బాగా ఎగరేసేది ఆమే. కానీ ఆడపిల్ల మిద్దె మీద నిలబడి పటం ఎగరేస్తే ఊరుకునే ఇల్లు కాదు మాది. అందుకని పటం నాకు, చరకా ఆమెకు. నా పన్నెండో ఏట ఒక సాయంత్రం, గాజుపొడి పట్టించిన మాంజా ఆమె వేళ్ల మధ్య నుంచి పోతుంటే, చూసుకోకుండా ఒక్క గుంజు గుంజాను. ఆమె కుడి చూపుడు వేలు నరం దాకా తెగింది. మాంజా సంగతి తెలిస్తే అమ్మ పటాలన్నీ పొయ్యిలో పెడుతుందని భయపడి, కత్తిపీట తెగిందని చెప్పమని అక్కను బతిమాలాను. చెప్పింది.

ఆ వేలు మళ్లీ వంగలేదు. వంకాయ తరగడం కూడా చేతగాని పిల్ల అని అమ్మ ఆమెను పెళ్లయ్యేదాకా అంటూనే ఉంది. నేను పక్కనే కూర్చుని అన్నం తింటూ వినేవాణ్ని. అమ్మ పోయింది, అప్పుడూ నోరు తెరవలేదు. అక్క కాపురానికి కడప వెళ్లాక బావ ఆ మాటను సరదాగా అందుకున్నాడు. "మా ఇంటామె కత్తిపీటతో యుద్ధం చేసి ఓడిపోయిన మనిషప్పా" అని వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు. వాళ్లతో పాటు నేనూ నవ్వేవాణ్ని. అబద్ధం కంటే ఆ నవ్వే నాకు ఎక్కువ సిగ్గు.

ఈ ఏడు అక్కకు గుండె ఆపరేషన్ జరిగింది. మూడు నెలలకు గాయం బాగా మానిందన్నారు. పొద్దున, సాయంత్రం నీడపట్టున అరగంట నడవాలన్నారు. ఆమె మంచం దిగలేదు. బావ ఫోన్ చేశాడు.

"ఏమప్పా, నడిస్తే కుట్లు ఊడిపోతాయంటాది. ఇట్లే పండుకుంటే కాళ్లు పట్టు తప్పుతాయి, నెమ్ము చేరుతాది అన్న్యాడు డాక్టరు. నా మాట ఇనదు, చర్చి అయ్యగారి మాట ఇనదు. నువ్వన్నా వచ్చి చెప్పు."

వెళ్లాను. చేతులు రెండూ రొమ్మున దగ్గరగా పెట్టుకుని, పగిలిపోయేదేదో పట్టుకున్నట్టు పడుకుని ఉంది.

"చెప్పేవాళ్లు శానామంది ఉండారు లేరా. కాఫీ తాగి పో," అంది.

తిరిగి వస్తూ బస్సులో ఫోన్ చూస్తుంటే, ఎవరో ఒకామె పెద్ద హాల్లో మెల్లగా వెనక్కి నడుస్తోంది, ఆమె ముందు ఒక పటం తేలుతోంది. గాలి లేదు, ఆమె నడకే గాలి. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. నడవడం కోసం నడవదు మా అక్క. పటం కోసమైతే?

మా ఎరువుల దుకాణం గోదాము వేసవిలో ఖాళీగా ఉంటుంది. అక్కడ మొదలుపెట్టాను. మామూలు పటం లేవనే లేదు. కొబ్బరి చీపురు పుల్లలను సన్నగా చీరి, కొత్త చీర మీద వచ్చే పలచటి కవరుతో చిన్న పటం కట్టాను. మిషను కుట్టు దారం వేశాను. అలవాటు కొద్దీ పది బారలు వదిలితే దారం తన బరువుకే మధ్యలో వేలాడింది. నేను లాగిన లాగు పటాన్ని చేరేసరికి అది నేల మీద ఉంది. ఐదు బారలకు తగ్గించాను. దూలానికి చిక్కుకుంది. చివరికి రెండు బారల దగ్గర కుదిరింది. కానీ పటం వాలినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే దారం వదిలేది. నలభై ఏళ్ల అలవాటు. బయట ఢీల్ ఇస్తే పైగాలి కాపాడుతుంది, గోదాములో కాపాడేవాళ్లు ఎవరూ లేరు.

అక్క వాళ్ల ఇంటి వెనకే చర్చి హాలు. మామూలు రోజుల్లో ఖాళీ. తమ్ముడేదో పిచ్చిపని చేస్తున్నాడని చెప్పి, బావ ఆమెను ఒక పొద్దున చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను పటం పట్టుకుని నిలబడ్డానో లేదో, కాపలా ఉండే పెద్దాయన మర్యాద కొద్దీ ఆరు ఫ్యాన్లూ వేశాడు. పటం పోయి గోడకు కొట్టుకుంది.

"ఫ్యాన్లు ఆపు పెద్దాయనా!"

"అమ్మకు ఉక్క పోస్తాది సార్. కడపలో ఫ్యాను ల్యాకుండా ఎవురన్నా కూర్చుంటారా?"

"ఆపప్పా, మా బావమరిది సొంతంగా గాలి తెచ్చుకున్న్యాడు కర్నూలు నుంచి," అన్నాడు బావ.

ఫ్యాన్లు ఆగాయి. వెనక్కి నడిచాను. పటం లేచింది. అక్క తల కూడా దానితో పాటే పైకి లేచింది. గోడ దగ్గర మళ్లేసరికి పటం వాలింది, నా చెయ్యి దారం వదిలింది, పటం కూలింది.

"ఢీల్ ఇచ్చినావు," అంది అక్క కుర్చీలోంచి. "గాలి ల్యాని తావ ఢీల్ ఇస్తే ఏమొస్తాదిరా మొద్దూ? అడుగు ఎనక్కి వెయ్యి."

"నువ్వే చూపీక్కా," అని దారం చాపాను.

ఆమె చెయ్యి కొంగులోకి పోయింది. "నీ చేతి దారం నేను పట్టను."

బావ నవ్వాడు. "కత్తిపీట అయిపాయ, ఇప్పుడు దారానికీ భయమా ఏమే?"

అక్క నా వైపు చూడలేదు. ఎప్పుడూ అంతే, ఆ మాట వచ్చినప్పుడు నా వైపు చూసేది కాదు.

"కత్తిపీట కాదు బావా," అన్నాను. నిలబడే చెప్పాను: మిద్దె, మాంజా, గుంజిన గుంజు, చెప్పమన్న అబద్ధం, అమ్మ పక్కన నేను తిన్న అన్నం. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

బావ ముఖంలో నవ్వు పోయింది. "ఇన్నేండ్లు నేను ఎగతాళి చేస్తాంటే నువ్వన్నా చెప్పగూడదా?" అని ఆమెను అడిగాడు.

"వాడు చెప్తాడేమోనని చూస్తాంటి," అంది అక్క.

తర్వాత నా చేతిలోని దారం వైపు చూసి అక్కే అడిగింది. "అది మాంజా కాదు గదా?"

"మిషను దారమేక్కా. లాగితే తెగేది దారమే, వేలు కాదు."

ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. దారాన్ని వేళ్ల మధ్య జార్చి చూసింది. "నీ బారలతో కొలిచినావు. నా నడకకు ఇది శానా పొడుగు," అని పటం దగ్గర దారం పట్టుకుని, తన బారతో కొలవడానికి చేతులు చాపబోయి ఆగింది. బార కొలవాలంటే రెండు చేతులూ పూర్తిగా విప్పాలి. ఛాతీ విచ్చుకోవాలి. మూడు నెలలుగా ఆమె ఆ పని చేయలేదు. బావ ఒక అడుగు ముందుకు వేస్తే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

మెల్లగా విప్పింది. కుడి చెయ్యి, తర్వాత ఎడమ చెయ్యి. వంగని వేలు నిటారుగా నిలబడి ఉంది. కొంచెం విప్పి ఆగి, ఊపిరి చూసుకుంది. ఇంకొంచెం. పూర్తిగా. ఏమీ కాలేదు. మా ముఖాల వైపు చూసింది, మేమూ చూశామా అన్నట్టు. మళ్లీ చేతులు ముడిచి, రెండో బార త్వరగా కొలిచి, మిగిలిన దారం పుటుక్కున తెంపేసింది.

ఆ పొద్దున పటం ఎగరేస్తూ హాల్లో నాలుగు చుట్లు నడిచింది. చెమటలు కారుతుంటే పెద్దాయన ఫ్యాను స్విచ్చి దగ్గరే నిలబడి తహతహలాడాడు. నన్ను క్షమించానని అక్క అనలేదు, నేనూ అడగలేదు. కానీ తిరుగు బస్సులో ప్రొద్దుటూరు రాకముందే నిద్ర పట్టింది నాకు, తల కిటికీకి కొట్టుకుంటున్నా తెలియనంతగా.

మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను. సాయంత్రం చర్చి ఆవరణలో వేపాకు కదిలీ కదలనంత గాలి. రెండు బారల దారంతో పటం ప్రహరీ చాటున గిలగిలలాడుతోంది. గాలి గోడ పైన ఉంది. అక్క తన బారలతో ఇంకో నాలుగు కొలిచి ముడి వేసింది. ఏడు వేద్దామన్నాను. "ఈ గాలి ఏడు బారల బరువు మొయ్యదు, ఆరు చాలు," అంది. ఆరే చాలింది. పటం గోడ దాటి దానంతటదే నిలబడింది.

"ఇంక నడవక్కరలేదక్కా, నిలబడు. గాలొచ్చింది," అన్నాను.

"నేను నడుస్తాండేది పటం కోసమనుకుంటివా?" అని, దారం పట్టుకుని గేటు వైపు నడుస్తూ పోయింది. బావ చెప్పులు వెతుక్కుని ఆమె వెనక పరుగెత్తాడు.