ఊడ్చే ముందు చూసే మనిషి

మా పక్కింటి అత్త పోయిన బుధవారం పొద్దున చనిపోయింది. కోళ్లను వదిలి గడప మీద కూర్చుందట, కోడలు టీ తెచ్చేసరికి ప్రాణం లేదు. టేకులపల్లి అవతల మా చిన్న ఊళ్లో ఆమె చేత తిట్లు తినని ఇల్లు లేదు. ఆ రోజు అందరూ వచ్చారు.

నేను కొత్తగూడెం బొగ్గుగని క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని. పోయినేడు ముచ్చటపడి ఇరవై కోడిపిల్లలను తెచ్చి, నెల తిరక్కుండానే అన్నింటినీ పెరట్లో పాతిపెట్టాను. ఈ ఏడాది మళ్లీ ఇరవై తెస్తే మా ఆయన, “ఇదే ఆఖరు. ఇవి గూడ పోతే గూడు ఇప్పి పొయ్యిల పెడ్త,” అన్నాడు. ఉక్రోషం వచ్చింది కానీ, లోపల నాకూ భయమే.

పదో రోజు గూట్లో గోధుమరంగు జిగట రెట్ట కనబడింది. కంపు చెప్పలేను. ఇవీ పోయినట్టే అనుకుని ఏడుస్తూ కూర్చున్నాను. అత్త వచ్చి చీపురుపుల్లతో దాన్ని తిప్పి చూసింది.

“గిదేం రోగం కాదు కోడలా. నడుమ నడుమ గిట్లనే ఏస్తయి. కడమయి సూడు, గట్టిగున్నయి, మీద సున్నం అద్దినట్టున్నయి. గట్లుంటే పిల్ల మంచిగున్నట్టే.”

“మరి రోగమొస్తే ఎట్ల తెలుస్తది అత్తా?”

“రెట్టల నెత్తురు పడ్తది. పిల్ల రెక్కలు జారేసి మూలకు నిలవడ్తది. అయినా నీకెట్ల కనవడ్తది? తెల్లారకముందే ఊడ్చి ఫినాయిలు పోస్తివి. ఊడ్చే ముందు సూడాలె.”

లేవగానే చీపురు, బకెట్, ఫినాయిలు: క్వార్టర్స్‌లో మా అమ్మ నేర్పిన శుభ్రం అది. పోయినేడు పిల్లలకు ఏం జబ్బు వచ్చిందో చూడకుండానే రోజూ కడిగేశాను. తడి నేల మీద వాటిని ఉంచిందీ నేనే.

దాణా సంగతీ అంతే. త్వరగా గుడ్లు పెడతాయన్న ఆశతో గుడ్ల కోళ్ల దాణా తెచ్చాను. ఆమె గుప్పెట్లో నలిపి, “దీంట్ల సున్నం ఎక్కువ. పసిపిల్లలకు దీంతోటి ఏం పని?” అని సంచి మూతి కట్టేసింది. పిల్లల దాణా తెప్పించింది. అప్పుడప్పుడు అడవి అంచు నుంచి కుండలో చెదపురుగులు పట్టుకొచ్చి పోసేది.

ఎప్పుడొచ్చినా ముందు గూటి దగ్గరికే. జ్వరంతో పడుకున్న నన్ను చూడడానికి వచ్చి, గూడు చూసి, “అన్నీ మంచిగున్నయి!” అని కేకేసి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. సాయంత్రం జావ పంపింది.

నాలుగో వారంలో ఒక పొద్దున గూట్లో పరిచిన ఊకలో నెత్తురు కనబడింది. ఆమె దగ్గరికి పరుగెత్తాను.

“నా మొకం ఏం సూస్తున్నవ్? జల్దీ పశువుల దవాఖానకు పో!”

నీళ్లలో కలిపే మందు తీసుకుని నేను తిరిగొచ్చేసరికి, ఆమె తడి ఊకంతా ఎత్తి పొడి ఊక పరిచి ఉంచింది. ఒక్కటే పోయింది. పంతొమ్మిది బతికాయి. ఆ మనిషి లేకపోతే నా గూడు ఎప్పుడో పొయ్యిలోకి పోయేది.

మూడో రోజు ఆమె కొడుకు వాకిట్లో విస్తరి వేసి, ఆమెకు ఇష్టమైనవన్నీ వడ్డించి పిట్టకు పెట్టాడు. కాకి వచ్చి ముట్టాలని అందరం దూరంగా జరిగి చూస్తున్నాం. ఇంతలో దడి సందులోంచి నా కోళ్లు దూరి విస్తరి చుట్టూ మూగాయి. సిగ్గుతో తల తీసేసినట్టయి తోలడానికి లేచాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఉండనీ వదినా. అమ్మ ఉన్నా తిననియ్యే అంటుండె.”

పంతొమ్మిదీ తలలు వంచి తింటున్నాయి. వెనక చెట్టు మీద ఎక్కడో కాకి అరిచింది. ఎవరూ తలెత్తి చూడలేదు.