కుడి భుజం మీద కొక్కెం

“తప్పు కుట్టానని ఒప్పుకుంటాను తమ్ముడూ. ఎవరి ముందైనా ఒప్పుకుంటాను. సిగ్గుపడమంటే మాత్రం పడను. అది నా వల్ల కాదు. ఆ కత్తెర ఇటివ్వు.”

కత్తెర అందించాను. రెక్సిన్ అక్క నా స్కూటర్ సీటుని బల్ల మీద బోర్లించి, చిరిగిపోయిన పాత తొడుగుని చేప పొట్ట కోసినట్టు ఈ చివర నుంచి ఆ చివరికి కోసేసింది.

“అయినా నాకంటే ముందు సిగ్గుపడాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరూ అయ్యాక నా వంతు వస్తే అప్పుడు చూద్దాం,” అంది.

ఆమెకి అసలు పేరు వేరే ఉంది. వీధిలో ఎవరూ వాడరు, దుకాణం బోర్డు మీద కూడా లేదు. బస్సు సీట్లకీ, సెలూన్ కుర్చీలకీ, ఆస్పత్రి పరుపులకీ తొడుగులు కుట్టడం ఆమె పని. ఒక పొడవాటి బల్ల, నలుగురు కలిస్తే గానీ కదలని మిషను, గోడకి ఆనించి నిలబెట్టిన రెక్సిన్ చుట్టలు, గుమ్మంలోనే ముక్కుకి తగిలే జిగురు వాసన. మిషను వెనక మేకుకి ఒక కేప్ వేలాడుతోంది. భుజాల మీంచి మోకాళ్ల దాకా దిగేది, ముదురాకుపచ్చది. కుడి భుజం దగ్గర అరచెయ్యంత ఇత్తడి కొక్కెం. దుకాణంలోకి వస్తూనే నేను దాని వంక చూడటం ఆమె చూసింది. సంగతంతా అక్కడే మొదలైంది.

“యాభై దాటినదానివి, నీకు వీడియో గేములేంటని అడుగు. అందరూ అడుగుతారు.”

“ఎలా మొదలైందో చెప్పండక్కా,” అన్నాను. ఆ ఆటల గురించి నాకు తెలిసింది సున్నా. చెప్పేవాళ్లుంటే కూర్చుని వినడం మాత్రం వచ్చు.

ఆ మాట నచ్చినట్టుంది. స్టూలు నా వైపు తోసింది.

సందు చివర గేమ్ పార్లర్ ఉంది. కొన్నేళ్ల కిందట అక్కడి కుర్చీలకి కొత్త తొడుగులు వేయడానికి వెళ్లింది. జిగురు ఆరేదాకా ఏం చేయాలో తోచక కూర్చుంటే, పార్లర్ ఓనరు చేతిలో కంట్రోలర్ పెట్టాడు. పోరాట ఆట. తెర మీద బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి, మనం ఒకర్ని ఎంచుకోవాలి.

“అందరూ కండలు చూపించుకుంటూ, జుట్టు ఎగరేసుకుంటూ నిలబడ్డారు. చిట్టచివర ఒక ముసలావిడ. నడుం వంగిపోయింది, చేతిలో తాళాల గుత్తి. కోట గుమ్మానికి కాపలా. ఆ వరస మొత్తంలో ఒళ్లొంచి పని చేసుకుని బతికే మనిషి ఆవిడొక్కతే అనిపించింది. ఈవిడే కావాలన్నాను. వద్దక్కా, అది దండగ బొమ్మ అన్నారు.”

“ఎందుకని?”

“ఆవిడకి వెనక్కి నడవడం రాదు.” అక్క కత్తెర పక్కన పెట్టి రెండు చేతులతో చూపించింది. “మిగతావాళ్లు దెబ్బ మీద పడుతుంటే చటుక్కున వెనక్కి జరుగుతారు. ఈవిడకి ఆ మీట పని చేయదు. ఉంటే నిలబడాలి, లేదంటే ముందుకి పోవాలి. చేసినవాళ్లే అలా చేశారు. అందుకే ఎవరూ తీసుకోరు. నేను ఆ రోజు నుంచి ఇంకొకర్ని ముట్టుకోలేదు.”

“గెలిచేవారా?”

“గెలుపా! పిల్లలు నన్ను పిండి కొట్టినట్టు కొట్టేవారు. మొట్టమొదట గెలిచిన రోజు మాత్రం పార్లర్ పార్లరంతా లేచి నిలబడింది. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, ‘అయితే ఏమిస్తారట?’ అన్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. పైకీ కిందికీ తప్ప పక్కకి పోయే సంగతేదీ ఆయన బుర్రకెక్కదు.”

నేను నవ్వుతుంటే ఆమె కొత్త రెక్సిన్ సీటు మీద పరిచి, సుద్దముక్కతో గీత గీసింది. చెయ్యి గీత మీద, మనసు పార్లర్లో.

ఆ ఆటని వాళ్లు కోట ఆట అంటారు. దానికి పోటీగా సముద్రపు దొంగల ఆట ఒకటి ఉంది, అది ఓడ ఆట. కంపెనీలు వేరు, అభిమానులు వేరు. పార్లర్లో కోటవాళ్లు కిటికీ వైపు, ఓడవాళ్లు తలుపు వైపు. ఒకరి బల్ల మీద ఒకరు టీ గ్లాసు కూడా పెట్టరు. అలాంటి చోట పోయిన నెల ఒక వీడియో పిడుగులా పడింది. నిమిషం కూడా లేదు. పొగమంచులో ఓడ. ఓడ నట్టనడుమ గోడంటూ లేకుండా ఒంటరిగా ఒక కోట తలుపు. ఎక్కడో తాళాల గలగల. తలుపు తెరుచుకుంటుంది, కేప్ కప్పుకున్న ఆకారమొకటి వెనక నుంచి కనబడుతుంది, అంతలోనే తెర నల్లబడిపోతుంది. ‘త్వరలో’ అని ఒక్క మాట.

“రెండు ఆటలూ కలిపేస్తున్నారు తమ్ముడూ! ఆ కోటా ఈ ఓడా ఒకే ఆటలో!” సుద్దముక్క పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. “ఆ రోజు పార్లర్ చూడాలి నువ్వు. కిటికీ వైపు బల్లనీ తలుపు వైపు బల్లనీ ఈడ్చుకొచ్చి కలిపేశారు. ఇంతకీ ఆ వీపు ఎవరిది? దాని మీదే కొట్లాట. ఆపి చూశారు, వెలుగు పెంచి చూశారు. ఓడ కెప్టెనని ఒకడు, కాదు కోట రాణి అని ఇంకొకడు. అది మా తాళాల అవ్వ అని నేను.”

“మీకెలా తెలిసింది?”

“తెలియలేదు. కావాలనుకున్నాను. అభిమానమంటే మరేంటి?”

ఆ కొత్త ఆటలో ఎవరెవరున్నారో ఇవాళ సాయంత్రం ప్రకటిస్తారట. గ్రంథాలయం పక్కనున్న చిన్న హాల్లో పెద్ద తెర కట్టి అందరూ కలిసి చూడాలని పార్లర్ బృందం ఎప్పుడో అనుకుంది. వీడియోలో కనబడిన కేపే అందరూ వేసుకుని రావాలని కూడా అనుకున్నారు. అన్నీ కుట్టింది రెక్సిన్ అక్క.

“పొరపాటు ఎక్కడ జరిగిందంటే,” అని సుద్ద గీత వెంట రెక్సిన్ కత్తిరిస్తూ చెప్పింది. “అసలు వీడియోని ఎవరైనా వేరే చోట పెడితే కంపెనీవాళ్ల కంప్యూటరు పట్టుకుని తీసేస్తుందట. అందుకని కొందరు తెలివైనవాళ్లు దాన్ని అద్దంలో బొమ్మలా ఎడమది కుడికీ కుడిది ఎడమకీ తిప్పేసి పెడతారు. నా ఫోనుకి వచ్చింది అదీ. అందులో కొక్కెం కుడి భుజానుంది. కుడి భుజానే కుట్టాను. నాకొక్కదానికే కాదు, బృందం మొత్తానికి.”

“ఎవరూ గమనించలేదా?”

“అక్క కుట్టిందంటే కొలత చూసుకునే అలవాటు ఎవరికుంది? వేసుకున్నారు, ఫొటో దిగారు, లోకం మీదకి వదిలారు. ఆ తర్వాత తెలిసింది. ఓడ మీద పేరు రాసుంది కదా, అక్షరాలు తిరగబడ్డాయని చూసుకోలేదా అని అడిగాడొకడు. అది ఆటవాళ్లు సొంతంగా కల్పించుకున్న లిపి నాయనా, తిన్నగా ఉన్నా నాకు రాదు, తిరగబడినా రాదు అన్నాను.”

ఇద్దరం నవ్వుకున్నాం. ముందు ఆమె నవ్వే ఆగింది.

వేరే ఊరి అభిమానులెవరో ఆ ఫొటోకి ‘అద్దం సైన్యం’ అని పేరు పెట్టారు. అంతటితో పోయేది. ఇంకెవరో అందులోంచి అక్కనొక్కదాన్నీ కత్తిరించి, ‘ఈ వయసులో కుడేదో ఎడమేదో తెలియనమ్మ ఇంట్లో కూర్చోవచ్చుగా’ అని రాసి పెట్టారు. అది పాకింది. ఆడపడుచు ఫోన్ చేసి, “ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు వదినా,” అంది. “ఇంట్లో ఆడదామంటే ఆ ఆట పెట్టె లేదు కదమ్మా, అందుకే రచ్చకెక్కాను,” అని ఈవిడ పెట్టేసింది.

“అందరివీ విప్పి మళ్లీ కుట్టాను,” అంది, కత్తిరించిన ముక్కలతో మిషను ముందుకి జరిగి. “బస్సు సీట్ల పని పక్కన పెట్టి మరీ కుట్టాను. తప్పు నాది, వాళ్లెందుకు మాట పడాలి?”

“మరి మీది?”

“నాది విప్పలేదు.”

“రెక్సిన్‌కి సూది దిగాక కన్నం పూడదు కదా, అందుకా?”

“ఇంకో ముక్క వేసి కప్పలేనా ఏంటి? అది కాదు. విప్పుదామనే కత్తెర పట్టుకున్నాను. పట్టుకున్నాక, ఎవరి కోసం విప్పుతున్నాను అనిపించింది. వాళ్లు నవ్వింది కొక్కేన్ని చూసి కాదు తమ్ముడూ, నన్ను చూసి. కొక్కెమంటే మారుస్తాను. వయసెక్కడ మార్చను?”

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ఆమె కూతురు. రెండు వీధుల అవతల ఆఫీసులో ఉద్యోగం. భోజనాల వేళ పరుగున వచ్చినట్టుంది, మెడలో ఆఫీసు కార్డు ఇంకా ఊగుతోంది. నన్ను చూసి తటపటాయించింది గానీ మాట ఆపుకోలేకపోయింది.

“ఇంకా అక్కడే వేలాడుతోందేంటమ్మా అది?”

“సాయంత్రం దాకానే. తర్వాత నా భుజాల మీద వేలాడుతుంది.”

“పొద్దున మా మేనేజర్ ఫోన్లో చూపించాడు. ‘ఈవిడ మీ అమ్మగారు కదూ’ అని. అందరూ నా వైపే చూస్తున్నారు.”

“ఏమన్నావు?”

కూతురు రెక్సిన్ చుట్టల వంక చూసింది.

“కాదన్నావా?”

“తెలిసినావిడ అన్నాను.”

మిషను కింద అక్క పాదం ఆగింది. “అబద్ధమేం కాదుగా. బాగానే తెలుసు నేను నీకు,” అంది. గొంతు మారలేదు. చేతిలో దారం మాత్రం ఒక పట్టాన తెగలేదు.

“ఈ ఒక్కసారికి మానెయ్యమ్మా. పోనీ కొక్కెం మార్చుకుని వెళ్లు. మారిస్తే ఎవరూ గుర్తుపట్టరు.”

“గుర్తుపట్టకుండా వెళ్లడానికి నేనేమన్నా కన్నం వెయ్యడానికి పోతున్నానా?”

“నా గురించి ఆలోచించవా?”

“నీ గురించా? బడిలో నాటకానికి నీకు చెట్టు వేషం ఇచ్చారు. గాలికి ఊగవే అంటే స్టేజి అంతా పరుగెత్తావు. చెట్టు పరుగెత్తడమేంటని హాలు హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నేను లేచి, ఆ చెట్టు నాది అన్నాను.”

“నాకప్పుడు ఆరేళ్లమ్మా!”

“నాకిప్పుడు యాభై నాలుగు. ముచ్చటకి గడువు తేదీ ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.”

“నీతో వాదించి ఎవరు గెలిచారులే,” అని కూతురు వెనుదిరిగింది. గుమ్మం దగ్గర ఇంకోసారి కేప్ వంక చూసింది. ఎండలోకి దిగి వెళ్లిపోయింది.

అక్క కాసేపు కుట్టింది. ఆమె కుడుతున్నది నా సీటే గానీ, నేనక్కడ ఉన్నట్టు మరిచిపోయిందనిపించింది. బల్ల మీద ఫోన్ మోగింది. చేతికి జిగురుండటంతో మోచేత్తో నొక్కి, స్పీకర్లో పెట్టింది. పార్లర్ ఓనరు.

“అక్కా, ఏమనుకోవద్దు. అందరి కొక్కేలూ ఒక వైపు, నీదొక్కటే ఇంకో వైపు అయితే ఫొటోలో బాగోదంటున్నారు మనవాళ్లు. నువ్వు కాస్త వెనక వరసలో...”

“నేను ఎవరిలా వస్తున్నానో గుర్తుందా?”

“తాళాల అవ్వలా.”

“అవ్వకి వెనక్కి పోవడం వచ్చా?”

అవతల చిన్న నవ్వు వినబడింది. “రాదక్కా.”

“మరింకేం?”

“అది కాదక్కా. అసలు కొత్త ఆటలో అవ్వని పెట్టారో లేదో. పెట్టకపోతే మళ్లీ నిన్నే ఆడిపోసుకుంటారు.”

“పెడితే వాళ్లు తెచ్చినట్టు. పెట్టకపోతే నేను తెచ్చినట్టు. ఎలా చూసినా హాల్లో అవ్వ ఉంటుంది. ముందు వరసలో రెండు కుర్చీలు పట్టి ఉంచు.”

“రెండెందుకక్కా? బావగారు వస్తున్నారా?”

“చెప్పింది చెయ్యి,” అని మళ్లీ మోచేత్తోనే ఆపేసింది.

తొడుగు ఎక్కించి మేకులు కొట్టాక నా సీటు తయారైంది. అంచుల దగ్గర ఒక్క ముడత లేదు. స్కూటర్‌కి బిగించి, అరచేత్తో చరిచి చూసి, లోపలికెళ్లి చేతుల జిగురు కడుక్కొచ్చింది. మేకు మీంచి కేప్ తీసి దులిపి భుజాల మీద వేసుకుంది. బస్సు సీటుకి వేసే సరుకు కదా, బరువుగా దిగింది. కుడి భుజం దగ్గర కొక్కెం తగిలించి, ఒకసారి లాగి చూసుకుంది. ఇంకా ఎండ తగ్గలేదు, హాలుకి వెళ్లే వేళా కాలేదు. అయినా అలాగే వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎదురింటి మెట్ల మీద కూర్చున్న ఇద్దరు తలలు తిప్పి చూశారు. ఆమె కూడా వాళ్లని చూసింది, వాళ్లు తల తిప్పుకునేదాకా.

“నువ్వు ఎటు పోతావు తమ్ముడూ?”

“ఇంటికే.”

“చుట్టు తిరుగుడైనా ఆ రెండు వీధుల మీదుగా పో. మా అమ్మాయి ఆఫీసు ముందు ఒక్క నిమిషం ఆగు. రమ్మని బతిమాలకు. నేను బాధపడుతున్నానని కూడా చెప్పకు, నీకేం తెలుసు నా బాధ సంగతి. హాలు ఎక్కడో, ఎన్నింటికో చెప్పు, ముందు వరసలో కుర్చీ ఉందని చెప్పు. నవ్వడానికే వస్తానన్నా సరే, ఆ కుర్చీలో కూర్చుని నవ్వమను.”

“ఎవరు పంపారని ఆఫీసువాళ్లు అడిగితే?”

“నువ్వు నోరు మెదపకు. మా అమ్మాయి వంక చూడు, అంతే. అదే చెప్పనీ. ఊఁ, బయల్దేరు, ఇంకా నిలబడతావేం.”