పుక్కిలించాక నేను చేసిన పని

రొట్టె కొరికినప్పుడు పైవరుస ముందు పన్ను జివ్వుమంది. అద్దంలో చూసుకుంటే చిగుళ్ల దగ్గర నల్లటి గీత. మాది తాండూరు. నాపరాళ్ల పాలిష్ యూనిట్లో పని, దాని పక్కనే ఉన్న మసీదులో ఐదు పూటలా అజాన్ నేనే ఇస్తాను. ముందు పళ్లు పోతే 'స' అన్నచోట గాలి పోతుంది, నమాజుకు పిలిచే మాటే చెడుతుంది. నొప్పి సంగతి అటుంచి, దానికే భయపడ్డాను.

వికారాబాద్‌లో పళ్ల డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. నాకున్న షుగర్ వల్ల నోరెండుతోందని, అందుకే కేరీస్, అంటే పుచ్చు, తొందరగా పాకుతోందని చెప్పింది. రెండు ఫిల్లింగులు పెట్టి, ఫ్లోరైడ్ పేస్టు, క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసింది. మౌత్‌వాష్ అనగానే మొహం ముడుచుకున్నాను. అంతకుముందు ఒకటి కొని, లేబుల్ మీద ఆల్కహాల్ అని చదివి దుకాణంలో తిరిగి ఇచ్చేశాను.

“ఇది ఆల్కహాల్ లేనిదే చాచా. నోరు గూడ మండది. ఉత్త మందుతోనే కాదు, చాయ్‌ల చక్కెర బంద్ చెయ్యాలె,” అంది.

చక్కెర మానేశాను. ఆమె చెప్పినట్టే నెలకొక వారం, రోజుకొకసారి మందు పుక్కిలించాను. ఆరు నెలలకి వెళ్తే వెనక రెండు పళ్లు కొత్తగా పుచ్చాయి. ఒకటి పీకేశారు. మందు మీద, ఆమె మీద మస్తు కోపం వచ్చింది.

“మందు వాడుతున్నరా?” అని అడిగింది.

“ఒక్క దినం తప్పలే.”

“ఎప్పుడు?”

“పొద్దుగూకే యాళ్ల, మగ్రిబ్ వజూకి ముందు. అజాన్ ఇచ్చేటప్పుడు నోరు సాఫ్‌గ ఉండాలె గద.”

“వజూల ఏం జేస్తరు?”

“చేతులు, మొహం, కాళ్లు కడుక్కుంట. మూడుసార్లు నీళ్లు పుక్కిలిస్త.”

ఆమె పెన్ను కింద పెట్టింది. “మరి మందు పండ్ల మీద ఏడుంటది చాచా? నీళ్లతోని కొట్టుకపోయి మోరీల కలిసె.”

పుక్కిలించాక అరగంట నీళ్లు ముట్టొద్దని ఆమె మొదట్లోనే చెప్పింది. నేను తాగలేదు. వజూ నీళ్లు నా లెక్కలోకే రాలేదు. ఆరు నెలలు మోరీకి వైద్యం చేశానన్నమాట. సిగ్గేసింది.

ఇప్పుడు మందు వారంలో రాత్రి ఇషా నమాజు, భోజనం, బ్రష్ అయ్యాక, పేస్టు మందుకు అడ్డం పడకుండా అరగంట ఆగి పుక్కిలిస్తాను, ఉమ్మేసి పడుకుంటాను. మందు వల్ల పళ్లు కాస్త గోధుమరంగు తిరిగాయి, క్లీనింగ్‌తో పోతుందట. ఏడాదిగా కొత్త కేరీస్ లేదు. ముందు పళ్లు నాలుగూ ఉన్నాయి, అజాన్‌లో మాట చెక్కుచెదరలేదు.

మందు వాడుతున్నారా అని డాక్టర్ అడిగితే అవునని ఊరుకోకండి. దాని వెంటనే ఏం చేస్తారో కూడా చెప్పండి. నేను ముందే చెప్పి ఉంటే నా నోట్లో ఇంకొక పన్ను ఉండేది.